ఒక్క కాగితంలో పట్టని డబ్బా

జనవరి 2

సెలవుల తరవాత మొదటి రోజు. ఆఫీసు గుమ్మం దాటగానే గోడ మీద నా మ్యాప్. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది, అద్దాల ఫ్రేములో. త్యాల్కుమ్ ఊరి పంప్ హౌస్‌లో, కాలవ పొంగి పొలాలు మునగకుండా, నీళ్ళు ఎలా తోడతారో మొదటి నుంచి చివరి దాకా ఒక్క కాగితం మీద: పద్నాలుగు డబ్బాలు, పదిహేడు బాణాలు. ఒక్క బాణం కూడా ఇంకోదాన్ని దాటదు. కొత్తగా చేరినవాళ్ళందర్నీ దాని ముందు నిలబెట్టి, ప్రాసెస్ మ్యాప్ అంటే ఇదీ అని చూపిస్తారు. నేను అటుగా వెళ్తూ వినిపించుకోనట్టు నటిస్తాను.

ఇరవై నాలుగేళ్ళుగా ఈ గీతల సాఫ్ట్‌వేర్‌తోనే బతికాను. మా ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలో ఏ ఆసుపత్రిలో రక్తం సీసా ఎటు నుంచి ఎటు వెళ్తుందో, ఏ టౌన్‌హాల్లో పాస్‌పోర్టు ఎవరి బల్ల మీద నిద్రపోతుందో నన్నడిగితే కళ్ళు మూసుకుని గీసేస్తాను.

పదింటికి రుట్గర్ పిలిచాడు. మా బాస్. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న.

"కొత్త ప్రోగ్రామ్ చూశారా వీట్‌స్కె? కంప్యూటర్లలో ఉన్న రికార్డులు తినిపిస్తే చాలు, మ్యాప్ అదే గీసేస్తోంది. పది నిమిషాలు."

"చూశాను. బాణాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నూడుల్స్ గిన్నెలా ఉంది."

"కస్టమర్లకి నూడుల్స్ చాలట," అని నవ్వాడు. నవ్వుతూనే మిగతాది చెప్పాడు. మ్యాపులు గీసేవాళ్ళం ఐదుగురం. నెలాఖరుకి ఇద్దరే ఉంటారు.

తరవాత త్యాల్కుమ్ ఫైలు నా ముందుకు తోశాడు. ఫిబ్రవరి ఒకటి నుంచి ఆ పంపుని మెషినే నడుపుతుందట, అదీ నా మ్యాప్ ప్రకారం. ఇప్పుడు నడుపుతున్న ఊబెలె ఈ నెల ముప్ఫై ఒకటిన రిటైరవుతున్నాడు. 'నేను చేసే పనంతా ఇందులో ఉంది' అని అతని సంతకం ఒక్కటి తేవాలి.

"ఒక్క సంతకం," అన్నాడు రుట్గర్. "అది తెస్తే ఆ ఇద్దర్లో మొదటి పేరు మీదే."

జనవరి 7

ఊబెలె సంతకం పెట్టలేదు.

మనిషి ఏం మారలేదు. అవే చెక్క చెప్పులు, అదే ఫ్లాస్కు. కాఫీకి ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేశాడు, పాత రోజుల్లోలాగే; ఇక్కడ ఎవరింట్లోనైనా అంతే. కళ్ళజోడు పెట్టుకుని మ్యాప్‌ని డబ్బా డబ్బా వేలితో తడుముతూ చదివాడు. పావుగంట.

"బాగుందమ్మాయ్. అప్పుడూ బాగుంది. కానీ ఫోన్ లేదు."

"ఏ ఫోన్?"

"బౌక్యెకి చేసే ఫోన్."

బౌక్యె ఆ ఊరి స్కేటింగ్ క్లబ్బు ఐసు పెద్ద. కాలవ గడ్డకట్టాక జనాన్ని మీదికి వదలాలా వద్దా అన్నది ఆవిడ మాటే.

"చలికాలం పంపు మీట నొక్కే ముందు ఆవిడకి ఫోన్ చేస్తా," అన్నాడు ఊబెలె. "ఐసు మీద జనం ఉన్నారా అని. ఉన్నారంటే నొక్కను. పంపు తిరిగితే అడుగున నీళ్ళు దిగిపోతాయి. పైన ఐసు బోలుగా వేలాడుతుంది. చూట్టానికి గట్టిగానే ఉంటుంది. ఓ పిల్లది పరిగెత్తుకుంటూ వచ్చి కాలు పెట్టిందనుకో..." అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచాడు. నా కప్పులో కాఫీ తొణికింది.

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే మీరు?"

"చెప్పాను. అప్పుడే. ఇదే బల్ల దగ్గర. నువ్వు రాసుకున్నావు కూడా."

"లేదు."

"రాసుకున్నావమ్మాయ్."

ఎంత మొండి మనిషో! అసలు గట్టి చలి పడి ఎన్నేళ్ళయింది అన్నాను. పడినప్పుడు పడుతుంది అన్నాడు. చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ బయటికి వెళ్ళి, పంపు జాలీకి పట్టిన నాచు ఇనప పళ్ళ కర్రతో లాగడం మొదలుపెట్టాడు. కాగితం చివర సంతకం గీత ఖాళీగానే ఉంది.

జనవరి 8

చెప్పలేదు. చెప్పి ఉంటే గీసేదాన్ని కదా.

జనవరి 10

ఆ పంపులన్నీ చూసుకునే నీటి బోర్డులో మీటింగు. బోర్డు తరఫున హరింగా గారు, మా రుట్గర్, నేను, ఊబెలె. ఇంకో నలుగురు కుర్చీల్లో ఉన్నారు కానీ వాళ్ళు కాఫీకి వచ్చినవాళ్ళు.

ఊబెలె కోటు వేసుకుని వచ్చాడు. కోట్లో అతన్ని మొదటిసారి చూశాను. ఫోన్ సంగతి మళ్ళీ మొత్తం చెప్పాడు, నాకు చెప్పిన మాటల్లోనే.

హరింగా గారు నా వైపు తిరిగింది. డొంకతిరుగుడు మాటలు ఆవిడకి రావు. "వీట్‌స్కె, ఈయన మీకు ఇది చెప్పాడా, లేదా?"

"లేదు," అన్నాను.

గొంతు స్పష్టంగానే వచ్చింది. అందరూ ఊబెలె వైపు చూశారు. పాపం పెద్దాయన, రిటైరవడం ఇష్టం లేక పేచీ పెడుతున్నాడు అనే చూపు. ఊబెలె కాఫీ తాగాడు, కప్పు సాసర్లో జాగ్రత్తగా పెట్టాడు, నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

బయటికి వచ్చాక రుట్గర్ భుజం తట్టాడు. సంతకం లేకపోయినా ఫరవాలేదట, మీ మాట చాలు అన్నాడు.

జనవరి 11

బఠాణీ సూప్ కలుపుతూ యెల్మెర్ అడిగాడు, మీటింగు ఎలా జరిగిందని. చెప్పాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈయన మొహంలో నాకు తెలియని ముడత లేదు. ఇవాళ ఒకటి కొత్తగా కనిపించింది.

"ఆ ఊబెలె, మన కారు గుంటలో దిగిపోతే ట్రాక్టరు తెచ్చి లాగినాయనేగా?"

"అవును. అయితే?"

"ఏం లేదు. అబద్ధాలాడే రకంగా అనిపించలేదు, అంతే."

"అంటే నేను ఆడతాననా?"

"నేను సూప్ గురించి మాట్లాడుతున్నా తల్లీ. ఉప్పు చాలిందా చూడు."

ఉప్పెక్కువైంది. చాలలేదని చెప్పి ఇంకాస్త వేయించాను. ఆయన నోరెత్తకుండా తిన్నాడు.

జనవరి 12

వాన. ఏడు డిగ్రీలు. ఐసట, ఐసు!

జనవరి 15

ఒకవేళ చెప్పాడే అనుకుందాం. అప్పుడు మాత్రం ఎలా గీస్తాను? నేను కొత్తవాళ్ళకి నేర్పే రూల్సు మూడే మూడు. రుజువు లేనిది పని కాదు: ఫారం గానీ, సంతకం గానీ, కంప్యూటర్లో ఎంట్రీ గానీ ఉండాలి. వెనక్కి తిరిగే బాణం వచ్చిందంటే అక్కడెవరో తికమక పడుతున్నట్టు లెక్క. డబ్బాలో పని పేరే రాయాలి, మనిషి పేరు ఎప్పుడూ రాయకూడదు.

ఓ ముసలాయన ఓ ముసలావిడకి ఫోన్ చేసి పిల్లలున్నారా అని అడగడం ఈ మూడింటికీ విరుద్ధం. ఎవరైనా తీసేస్తారు. తీసేసేవారు, చెప్పి ఉంటే.

ఆ కొత్త ప్రోగ్రామ్‌కి కూడా ఆ ఫోన్ కనపడదు. రికార్డుల్లో లేదుగా. ఈ మాట రుట్గర్‌తో అనాలని నోటి చివరిదాకా వచ్చింది. అంటే ఆ తరవాతి ప్రశ్న ఏమిటో తెలిసి మింగేశాను.

రెండు రోజుల్లో తూర్పు గాలి అంటున్నారు. అంటే గట్టి చలి.

జనవరి 18

ఇది రాయకపోతే నిద్ర పట్టదు. రాసినా పట్టదేమో.

నిన్నటి నుంచి చలి. యెల్మెర్‌కి పొద్దున్నే పూనకం వచ్చింది. ఫ్రీస్‌లాండ్ మగాళ్ళందరికీ వస్తుంది, సున్నా కిందికి రెండు డిగ్రీలు దిగితే చాలు. "స్కేట్లు ఎక్కడున్నాయే? అటక మీద చూడు, ఈ మోకాళ్ళతో నేను నిచ్చెన ఎక్కలేను" అన్నాడు. ఆ మోకాళ్ళతోనే స్కేటింగ్ చేస్తాడట. తిట్టుకుంటూ ఎక్కాను.

స్కేట్ల పెట్టె వెనకాల గోధుమరంగు కాగితం చుట్ట ఉంది, రబ్బరు బ్యాండు వేసి. రబ్బరు బ్యాండు ముట్టుకోగానే తెగిపోయింది. త్యాల్కుమ్ కాగితం. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు మేం గోడ నిండా ఇలాంటి కాగితం కట్టి, ఒక్కో పనికి ఒక్కో రంగు చీటీ అంటించి, పనివాళ్ళ ముందే అటూ ఇటూ జరుపుతాం. అయిపోయాక పారేస్తాం. ఇది ఎందుకు దాచానో నాకే తెలియదు. తెలియదని రాశాను కానీ తెలుసు. నా జీవితంలో మంచి పని అదొక్కటేనని దాచుకున్నాను.

అటక మీదే పరిచాను. చీటీలు చాలా ఊడిపోయాయి. ఒక గులాబి రంగు చీటీ మాత్రం ఊడలేదు. నా చేతిరాత. 'చలికాలం: ఊబె బౌక్యెకి ఫోన్. జనం ఉంటే పంపు ఆపు, మళ్ళీ అడుగు.' పక్కన వెనక్కి తిరిగే బాణం. దాని మీద అడ్డంగా ఎర్ర పెన్ను గీత. పక్కన, అదీ నా రాతే: 'రుజువు లేదు. తీసెయ్. ఒక్క పేజీ.'

ఒక్క పేజీ! అప్పుడంతా గుర్తొచ్చింది. ఆ డబ్బా పెడితే వెనక్కి వచ్చే బాణం ఇంకో రెండింటిని దాటాల్సి వచ్చింది. రెండు రోజులు తిప్పలు పడ్డాను. అక్షరాలు చిన్నవి చేశాను, డబ్బాలు జరిపాను, పేజీలో పట్టలేదు. అప్పటి బాస్ ఒక్క పేజీ కావాలన్నాడు. తీసేశాను. తీసేయగానే బొమ్మ ఎంత అందంగా కుదిరిందో! ఆ సాయంత్రం ఆనందంతో చప్పట్లు కూడా కొట్టుకున్నాను. ఊబెలెకి చెప్పనేలేదు.

అతను చెప్పాడు. నేను రాసుకున్నాను. ఆరుగురి ముందు అతన్ని అబద్ధాలకోరుని చేశాను.

యెల్మెర్ కింద నుంచి "దొరికాయా?" అని అరిచాడు. దొరికాయి అన్నాను.

జనవరి 19

మైనస్ మూడు. ఎవరికీ చెప్పలేదు. పొయ్యిలో వేస్తే ఐదు నిమిషాల పని.

జనవరి 21

చుట్టని కారులో వేసుకుని త్యాల్కుమ్ వెళ్ళాను. ఎందుకని అడిగితే చెప్పలేను. పంప్ హౌస్ దగ్గర ఆగకుండా కాలవ మలుపు దాకా వెళ్ళిపోయాను. అక్కడ బౌక్యె, నీలం టోపీ పెట్టుకుని, గట్టు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చేతి బరమాతో ఐసుకి కన్నం పెడుతోంది. డెబ్బై ఏళ్ళుంటాయి. స్కేలు దించి చూసి నాకేసి అయిదు వేళ్ళు చూపించింది. అయిదు సెంటీమీటర్లన్నమాట.

"ఇలాగే పడితే ఇంకో ఎనిమిది పది రోజుల్లో తెరుస్తా," అంది. "ఎన్నేళ్ళయిందో! మా మనవరాలికి ఎనిమిదేళ్ళు, కాలవ మీద ఒక్కసారి కూడా ఎక్కలేదు. స్కేట్లు పక్కలో పెట్టుకుని పడుకుంటోంది వెర్రిది."

"పంపు సంగతి?"

"దానికేం? ఊబెలె ఫోన్ చేస్తాడుగా."

"ఊబెలె ముప్ఫై ఒకటిన దిగిపోతున్నాడు."

బౌక్యె బరమా తుడుచుకుంటూ నన్ను చూసింది. కొంచెం కూడా కంగారు లేదు మొహంలో. "అవునుగా. ఆ తరవాత మీవాళ్ళు మెషిన్ పెడుతున్నారుటగా? ఏదో ఏర్పాటు చేసే ఉంటారు. చదువుకున్నవాళ్ళు కదమ్మా మీరు, ఇంత చిన్న విషయం మర్చిపోతారా!"

 నమ్మకంగా నవ్వి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. తాగాను. నాలుక కాలింది. బాగా అయింది నాకు.

జనవరి 23

రుట్గర్ బల్ల మీద చుట్ట విప్పాను. చీటీ చూపించాను. చదివాడు, లేచి వెళ్ళి తలుపు మూశాడు.

"ఇది ఇంకెవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు."

"అయితే సులువు. స్కేటింగ్ క్లబ్బు నుంచి కొత్తగా ఓ కోరిక వచ్చిందని రాద్దాం. ఇంకో డబ్బా కలుపుదాం. మెషిన్‌లోకి ఎక్కడానికి ఆరు వారాలు పడుతుంది. ఎవరికీ చెడ్డ పేరు రాదు."

"ఆరు వారాలంటే ఐసు కరిగిపోతుంది రుట్గర్."

"ఇంకా మంచిదే కదా."

"ఊబెలెకి వస్తుంది."

"ఏమిటి?"

"చెడ్డ పేరు. కొత్త కోరిక అంటే అతను ముందే చెప్పలేదనేగా. అతను అబద్ధమాడినట్టేగా."

రుట్గర్ కళ్ళు నులుముకున్నాడు. చెడ్డవాడు కాదు, ముగ్గుర్ని ఇంటికి పంపాల్సినవాడు. "వీట్‌స్కె, గుమ్మంలో ఉన్న మ్యాప్ అది. మీ తప్పని మీ నోటితో మీరు చెబితే, నెలాఖరు లిస్టులో మీ పేరు నేను ఎలా ఉంచగలను? చెప్పండి మీరే."

సోమవారం బోర్డుతో చివరి మీటింగు ఉంది, అప్పటి దాకా ఆలోచించుకుంటానన్నాను. ఎందుకన్నాను అలా? చీటీ చూశాక కూడా ఆలోచించడానికేముంది?

జనవరి 24

ఆలోచిస్తున్నాను.

జనవరి 25

యాభై ఎనిమిదేళ్ళ దాన్ని ఎవరు పెట్టుకుంటారు? నాకు ఇంకేం వచ్చు?

యెల్మెర్‌కి చీటీ చూపించాను. చదివాడు. "ఏ రోజున మీటింగు?" అని మాత్రం అడిగాడు. సోమవారం అన్నాను. "సోమవారం నేను కారు తీస్తాలే, ఐసు రోడ్డు మీద నీ డ్రైవింగ్ చూడలేను," అన్నాడు. చెప్పబోతున్నానని ఆయన అనేసుకున్నాడు. ఆ అనుకోవడానికి నాకు ఏడుపొచ్చింది.

జనవరి 27

వాళ్ళే, అదే గది. ఊబెలె అదే కోటు.

నిలబడ్డాను. మామూలుగా కూర్చునే మాట్లాడతాం మేం. నిలబడేసరికి కాఫీకి వచ్చిన నలుగురూ బిస్కెట్లు నమలడం ఆపారు. ముందుగా రాసుకున్నదంతా ఎగిరిపోయింది.

"పదో తారీకున మీరు అడిగారు, ఊబెలె చెప్పాడా అని. నేను లేదన్నాను. చెప్పాడు. నేను రాసుకున్నాను. పేజీలో పట్టలేదని కొట్టేశాను." కాగితం బల్ల మీద పరిచాను. బల్ల చాలలేదు, చివర కింద వేలాడింది.

హరింగా గారు వంగి చదివింది. ఎర్ర గీతని వేలితో తడిమింది. "పేజీలో పట్టలేదని," అని మెల్లిగా అంది. తిట్టినా అంత సిగ్గు పడేదాన్ని కాదు.

ఊబెలె వైపు తిరిగాను. "క్షమించండి. మీ పరువు తీశాను."

అతను చీటీనే చూస్తున్నాడు. "నా పేరు తప్పు రాశావు అప్పుడు," అన్నాడు చివరికి. "ఒక్క అక్షరం పోయింది. అందుకే గుర్తు, నువ్వు రాసుకోవడం." ఆ తరవాత కోటు జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ డబ్బా పెట్టు, అప్పుడు సంతకం చేస్తా."

మిగతాదంతా హరింగా గారు ఐదు నిమిషాల్లో తేల్చేసింది. ఆ డబ్బా మెషిన్‌లోకి ఎక్కే దాకా, చలి ఉన్న రోజుల్లో పంపు మీట మీద మనిషి చెయ్యే ఉండాలి. "ఎవరు? ఊబెలె, మీరు ఇంకో నెల..."

"ఉండను," అన్నాడు ఊబెలె. "ముప్ఫై ఒకటి అన్నారు. ముప్ఫై ఒకటే."

 బయట చెట్ల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. నేను ఉంటానన్నాను.

జనవరి 30

లిస్టు వచ్చింది. నా పేరు లేదు. మూడు నెలల నోటీసు. రుట్గర్ తనే వచ్చి చెప్పాడు, ఈమెయిల్ పంపకుండా, అది మెచ్చుకోవాలి. టాయిలెట్‌లోకి వెళ్ళి ఏడ్చాను. కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. తరవాత మొహం కడుక్కుని కొత్త మ్యాప్ గీశాను.

రెండు పేజీలొచ్చింది. బాణాలు మూడు చోట్ల దాటుకున్నాయి. పదిహేనో డబ్బాలో 'ఐసు క్లబ్బుకి ఫోన్' అని రాసి, చెరిపేసి, 'ఊబెలె బౌక్యెకి ఫోన్ చేసి జనం ఉన్నారా అని అడుగుతాడు' అని రాశాను. మనిషి పేరు రాయకూడదు. రాశాను. ఊబెలె పేరు ఈసారి అక్షరం అక్షరం సరిచూసుకున్నాను.

జనవరి 31

ఊబెలె వీడ్కోలు. పంప్ హౌస్‌లోనే, గులాబి క్రీము కేకు. అతను సంతకం చేశాడు, రెండు పేజీల మీదా. మీట ఎలా పట్టుకోవాలో చూపించాడు. "నొక్కడం ఎవరికైనా వస్తుంది. నొక్కకుండా ఉండటమే పని," అన్నాడు. ఇంకో బిస్కెట్ తీసుకో అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ ఊళ్ళోనూ రెండో బిస్కెట్ నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఫిబ్రవరి 1

పన్నెండు సెంటీమీటర్లు. బౌక్యె పొద్దున్నే కాలవ తెరిచింది.

పదకొండున్నరకి పంప్ హౌస్‌లో నేనొక్కదాన్నే. గాలి ఉంది, గాలిమరల కరెంటు పుష్కలం, తెర మీద ఆకుపచ్చ దీపం వెలిగింది: పంపు నడపవచ్చు. నీటి మట్టం గీతకి నాలుగు వేళ్ళు పైన. మెషిన్ చేతిలో ఉంటే ఈపాటికి తిరుగుతూ ఉండేది. ఫోన్ తీశాను. 

"హలో, పంప్ హౌస్ నుంచి."

"ఊబె... ఓ, నువ్వా అమ్మా!" బౌక్యె వెనకాల ఒకటే కేకలు, నవ్వులు, ఇనుము ఐసుని గీకుతున్న చప్పుడు.

"ఐసు మీద జనం ఉన్నారా?"

"జనమా? ఊరంతా ఇక్కడే ఉంది! మా మనవరాలు ఇప్పటికి పదిసార్లు పడింది. మీ ఆయన అనుకుంటా, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతున్నాడు. ఇదిగో, ఊబెలె కూడా ఉన్నాడు. పంపు పట్టాక ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో వీడు ఐసు ఎక్కడం ఇదే మొదటిసారి."

"మొదటిసారా? స్కేటింగ్ రాదా ఆయనకి?"

"ఎందుకు రాదు, కుర్రప్పుడు ఈ కాలవంతటికీ మొనగాడు. మరి ఐసు కట్టిన రోజుల్లో ఎక్కడున్నాడనుకున్నావు? నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే."

కిటికీలోంచి చూశాను. మలుపు దగ్గర చిన్న చిన్న చుక్కలు కదులుతున్నాయి. ఒకటి మిగతావాటికంటే నెమ్మదిగా, చేతులు వెనక్కి కట్టుకుని, నిటారుగా పోతోంది.

"అమ్మాయ్, ఉన్నావా?" అంది బౌక్యె. "పంపు సంగతేం చేస్తావ్?"

"నొక్కట్లేదు," అన్నాను. "గంటాగి మళ్ళీ అడుగుతా."